వస్తానన్నవాళ్ళు

ఆ వీధిలో డాక్టరు గారి క్లినిక్ ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. సూదమ్మ ఆసుపత్రి ఎక్కడ అంటే మాత్రం నడిచే మనిషి కూడా ఆగి చెయ్యెత్తి చూపిస్తాడు. ఈ సంగతి డాక్టరు గారికి తెలియదు. ఆయనకి తెలియని సంగతులు ఇంకా చాలా ఉన్నాయి గానీ, చదువుకున్నాయన, మనం అనకూడదు.

సూదమ్మ అంటే అక్కడి నర్సు. ఏభై మూడేళ్ళ మనిషి. సూది వేసినట్టే తెలియదని వచ్చిన పేరు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఒక్క చోటే నిలబడి పనిచేస్తోంది. నిలబడి అన్నది ఊరికే అన్న మాట కాదు, సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు. ఇంట్లో భర్త, ఒకప్పటి లారీ డ్రైవరు, నడుం పట్టేసి నాలుగేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. మంచం మీదనుంచే సంసారం నడుపుతున్నానని ఆయన నమ్మకం. నడపడం అంటే, ఏ వస్తువు ఎక్కడుందో గట్టిగా అరిచి అడగడం. ఆ ఇంటికి వచ్చే జీతం సూదమ్మది ఒక్కటే.

ఎనిమిది నెలల కిందట క్లినిక్‌లోకి యంత్రం వచ్చింది. అప్పటికే బ్యాంకులో ఒకటి వచ్చింది, మేనేజరు కంటే మర్యాదగా కుదరదని చెప్పేది. బడిలో ఒకటి వచ్చింది. పిల్లల హోంవర్కు ఒక యంత్రం రాస్తే ఇంకో యంత్రం దిద్దేది, మధ్యలో పిల్లలూ పంతులూ హాయిగా ఉండేవాళ్ళు. డాక్టరు గారికి మాత్రం వెనకబడిపోయామని బెంగ పట్టుకుంది. ఒక రోజు హాలు గోడకి ఒక తెర, పరీక్ష గదిలో ఇంకో చిన్న తెర, హాల్లో ఒక కెమెరా, గుమ్మం దగ్గరా పరీక్ష గదిలోనూ రెండు మైకులు బిగించారు. ఎవరు లోపలికొచ్చారో చూసి టోకెన్ ఇస్తుంది. గదిలో ఎవరు మాట్లాడినా గొంతు గుర్తుపట్టి, ముందు మనిషి పేరు, పక్కన అన్న మాట రాసుకుంటుంది. రోజూ ఐదింటికి ఆ రాసిందంతా డాక్టరు గారి ఫోనుకి పంపుతుంది.

అన్నీ వింటుంది, ఏదీ మర్చిపోదు, అన్నీ ఇంటిపెద్దకి చేరవేస్తుంది. అందుకని జనం దానికి కొత్త కోడలు అని పేరు పెట్టారు.

కోడలికి అన్నీ వచ్చు, ఒక్క మాట దగ్గర తప్ప. మన వాళ్ళు ఎవరింటినుంచి కదిలినా "వస్తాను" అంటారు కదా. మందులు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర "వస్తానమ్మా" అనడం ఆలస్యం, వస్తానన్నారు కాబట్టి వస్తారనుకుని, వచ్చే వారం అదే వేళకి టోకెన్ రాసేసేది. వాళ్ళు రాకపోతే ఆ టోకెన్‌ని మర్నాటికి, మర్నాడూ రాకపోతే ఆ మర్నాటికి జరుపుకుంటూ పోయేది. జ్వరం తగ్గిన వాళ్ళకి కూడా ఫోన్లు వెళ్ళాయి. నిజానికి కొందరు భయపడి వచ్చారు కూడా. డాక్టరు గారికి ఇది తప్పులా కనిపించలేదు.

"జనంతో వెళ్తాను అనమనండి సిస్టర్, సరిపోతుంది," అన్నారాయన.

సూదమ్మ అట్టముక్క మీద రాసి గుమ్మం పక్కన కట్టింది. 'వెళ్ళేటప్పుడు వస్తాను అనవద్దు. వెళ్తాను అనవలెను.'

ఒక్కరంటే ఒక్కరు వినలేదు. లెక్కల మేష్టారైతే కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "ఆసుపత్రి గుమ్మంలో నిలబడి వెళ్ళిపోతానని నా నోటితో నన్ను అనమంటావా సూదమ్మా? నీ పుణ్యం ఊరికే పోదులే. వస్తాను," అని మరీ వెళ్ళాడు.

ఆయన మళ్ళీ రాలేదు. నిద్రలోనే పోయాడు.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం రెండయింది. డాక్టరు గారు భోజనానికి ఇంటికి బయల్దేరుతూ ఫోను చూసుకుంటూనే ఆగారు.

"సిస్టర్, ఏమిటిది? నలుగురు పేషెంట్లు నాలుగు రోజులుగా వచ్చి హాల్లో కూర్చుంటున్నారట. మీరు లోపలికి పిలవలేదని చూపిస్తోంది."

సూదమ్మ తెర వైపు చూసింది. నాలుగు పేర్లు ఎర్రగా ఉన్నాయి. కుట్టుమిషను మామ్మ. సైకిల్ షాపు పెద్దాయన. లెక్కల మేష్టారు. కాంపౌండర్. నలుగురికీ పక్కన ఒకటే మాట: వచ్చారు, కూర్చున్నారు.

"వాళ్ళు లేరండీ," అంది.

"లేకపోతే ఫోన్ చేసి పిలిపించండి," అన్నారాయన, తలెత్తకుండానే. "చూడండి, ఐదింటికి రిపోర్టు వచ్చేసరికి ఈ నలుగురూ లిస్టులో ఉండకూడదు. ఉంటే, నాకు మనుషులతో పని కుదరదు. దీంతోనే సర్దుకుంటాను."

లేరంటే ఏ లేకపోవడమో విడమర్చి చెప్పే ఓపిక ఆమెకి లేదు. ఆయన కారు వెళ్ళిపోయింది. ఆమె షట్టరు సగం దించి, డబ్బాలో అన్నం నిలబడే నాలుగు ముద్దలు తిని, తెర ముందు కూర్చుంది.

బయట ఎండ మాసిపోయి మబ్బు కమ్ముతోంది. వీధిలో అలికిడి లేదు. హాల్లో ఆరు ఇనప కుర్చీలు ఒకే కమ్మీకి బిగించి ఉన్నాయి. నేల తుడిచిన ఫినాయిల్ వాసన, దాని కింద స్పిరిట్ వాసన, ఆ రెంటి కింద పాతబడిన మందుల చేదు వాసన. ఫ్యాను తిరిగినప్పుడల్లా టిక్కుమంటోంది. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదిగా ఆగింది. తెర మాత్రం బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. హాలంతటికీ ఆ నీలం వెలుతురొక్కటే.

మొదటి పేరు మీద వేలు పెట్టి, తీసేయమని నొక్కింది.

"కారణం చెప్పండి," అంది కోడలు, ఎప్పటి తియ్యటి గొంతుతోనే.

"లేరు."

"ఉన్నారు. మూడో కుర్చీ."

సూదమ్మ మెడ తిప్పి చూసింది. ఆరు కుర్చీలూ ఖాళీ.

"లేరు," అంది మళ్ళీ. "పోయిన నెల పోయింది ఆవిడ. చనిపోయింది."

"మూడో కుర్చీ," అంది కోడలు.

అప్పుడు కమ్మీ కిర్రుమంది. ఎవరో కూర్చుని కూర్చుని, నడుం నొప్పి పుట్టి, ఇటునుంచి అటు ఒరిగినట్టు... అంతే.

ఇలాంటప్పుడు మనలాంటి వాళ్ళం షట్టరు కిందనుంచి దూరి పరిగెత్తుతాం. మన కాళ్ళు బాగున్నాయి కాబట్టి. సూదమ్మ లేచి నిలబడింది, పరుగు సంగతి కూడా ఆలోచించింది. ఆ సగం షట్టరు కిందికి వంగాలి, వంగితే మోకాళ్ళు మళ్ళీ లేవవు. లేచి పరిగెత్తినా ఎక్కడికి? ఇంటికే. ఐదింటికి ఈ నాలుగు పేర్లూ ఇక్కడే ఉంటాయి, రేపటికి ఈ ఉద్యోగం ఉండదు.

రోజూ పిలిచినట్టే పిలిచింది.

"మామ్మా, రా. నీ వంతే."

పరీక్ష గది కర్ర తలుపుకున్న తెల్ల కర్టెను, గాలి లేకుండానే, ఒక మనిషి పట్టేంత పక్కకి జరిగింది.

ఆమె వెనకాలే వెళ్ళింది. లోపల బల్ల ముందు స్టూలు. చిన్న తెర మీద మామ్మ టోకెన్ తెరుచుకుంది. అలవాటైన చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. బీపీ పట్టీ తీసి బల్ల మీద పరిచి, గాలి కొట్టింది. పట్టీ లేచింది. ముసలి చేతికి చుట్టినట్టు గుండ్రంగా, సన్నగా లేచి నిలబడింది. సూది సున్నా దగ్గర్నుంచి కదల్లేదు.

సున్నా అని రాసుకుంది.

ఆమె చెవులకి ఏమీ వినబడలేదు. తెర మీద మాత్రం అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

కుట్టుమిషను మామ్మ: మోకాళ్ళు ఇప్పుడు బానే ఉన్నాయే. చలేస్తోంది.

"చలికాలం కాదు కదా మామ్మా," అంది సూదమ్మ.

సిస్టర్: చలికాలం కాదు కదా మామ్మా.

కుట్టుమిషను మామ్మ: వస్తానన్నాను కదా అని వచ్చాను. ఎవరూ పిలవరేం?

"ఇప్పుడు పిలిచాను కదా."

కుట్టుమిషను మామ్మ: సరేనమ్మా. వెళ్తాను.

పట్టీలోంచి గాలి ఉస్సుమని పోయింది. లిస్టులో ఎర్ర పేరు మాయమైంది. ఆ అట్టముక్క మీద రాసిన మాటని పాటించిన మొదటి మనిషి ఆవిడే.

సైకిల్ షాపు పెద్దాయన వచ్చినప్పుడు రబ్బరు సొల్యూషన్ వాసన ముందు వచ్చింది. బతికున్నన్నాళ్ళూ మాటకి ఆకలేసినట్టు వాగేవాడు. గుండె నొప్పి అని వచ్చి కూడా టైర్ల గురించి గంట చెప్పిన మనిషి. ఇప్పుడు ఒకటే ముక్క.

సైకిల్ షాపు పెద్దాయన: గాలి నిలవడం లేదు. వెళ్తాను.

సూదమ్మ సున్నా రాసింది. వేళ్ళు చల్లబడుతున్నాయి. గోడ గడియారంలో నాలుగు దాటింది. ఇంకో ఇద్దరు. ఇంకో ఇద్దరైతే ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోవచ్చు... అదొక్కటే అనుకుంటూ మేష్టారిని పిలిచింది.

లెక్కల మేష్టారు: వరస తప్పింది.

"ఏం వరస మేష్టారూ?" గొంతు గుసగుసలా వచ్చింది.

లెక్కల మేష్టారు: నాలుగో నంబరు అంటున్నారు. నాలుగోవాడు కాదు. మా అందరికంటే ముందొచ్చాడు. నాలుగు నెలల్నించి రోజూ వస్తున్నాడు. మేం కెమెరాకి ఈ మధ్యే కనబడ్డాం. అతను ఇన్నాళ్ళూ కనబడాలనుకోలేదు.

సూదమ్మ పెన్ను కింద పెట్టింది.

లెక్కల మేష్టారు: నేను వెళ్తాను. నువ్వు జాగ్రత్త.

మూడో పేరు పోయింది. ఒక్కటి మిగిలింది. కాంపౌండర్.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఊళ్ళో అందరి గుట్టూ చెప్పుకుని సూదమ్మది మాత్రం దాచడం న్యాయం కాదు.

కాంపౌండర్ ఆ క్లినిక్‌లో ఆమె కంటే పాత మనిషి. ఆమెని అమ్మా అనేవాడు, ఆమె బాబాయ్ అనేది. కోడలు వచ్చాక ఇద్దరిలో ఒక్కరు చాలన్నారు డాక్టరు గారు. ఎవర్ని ఉంచాలో తేల్చుకోలేక రెండు నెలలు గడిపారు. ఆ రోజుల్లోనే ఎవరికో బీపీ మాత్రల బదులు షుగరు మాత్రలు వెళ్ళాయి. తిన్నవాళ్ళు కళ్ళు తిరిగి పడ్డారు, అదృష్టం కొద్దీ లేచారు. కౌంటర్‌లో ఎవరున్నారని డాక్టరు గారు అడిగారు. కౌంటర్ దగ్గర మైకు లేదు. సూదమ్మ నేల చూస్తూ, "బాబాయ్ గారేనండీ," అంది.

నిజానికి బాబాయ్ ఆ నిమిషంలో మంచినీళ్ళకి వెళ్ళాడు. మాత్రలిచ్చిన చెయ్యి ఆమెది.

ఆయన ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రం టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, "వస్తానమ్మా," అని వెళ్ళాడు. రెండు నెలలు తిరక్కుండానే పోయాడు. దిగులుతో పోయాడన్నారు కొందరు. చుట్టలు తాగి పోయాడన్నారు ఇంకొందరు. సూదమ్మ ఈ రెండో వాళ్ళ మాటే ఎక్కువగా వినేది.

ఇప్పుడు ఆమె హాల్లోకి చూసి పిలవబోయింది. నోరు తెరిచేలోపే కోడలు అంది.

"కాంపౌండర్. లోపలే ఉన్నారు."

స్టూలు ముందే ఉంది. దాని మీద ఎవరూ లేరు. కర్టెను కదల్లేదు. పట్టీ బల్ల మీద పడున్నట్టే పడుంది.

"ఎక్కడ?" అంది.

"మీ వెనక."

ఆమె వెనక మందుల అలమర. తిరగలేదు. మెడ దగ్గర చుట్ట వాసన... పొగ కాదు, ఆరిపోయిన చుట్ట. అలమరలో మాత్రల డబ్బాలు ఒకదాన్నొకటి తాకాయి. ఎవరో వరస సర్దుతున్నట్టు. ఒకటి తీసి, ఒకటి పెట్టి... మెల్లగా... తీరిగ్గా...

కాంపౌండర్: అమ్మా.

ఆమె పళ్ళు బిగపట్టింది.

కాంపౌండర్: నేను మంచినీళ్ళకి వెళ్ళాను.

"తెలుసు బాబాయ్..."

కాంపౌండర్: మా ఇంట్లో వాళ్ళకి తెలియదు. నాన్న మందులు మార్చి మనుషుల్ని పడేశాడు అంటున్నారు. నువ్వు చెప్పమ్మా. ఇది రాసుకుంటుంది కదా. రాయించు. అప్పుడు వెళ్తాను.

గడియారంలో ఐదుకి పది. ఐదింటికి ఇదంతా డాక్టరు గారి చేతిలో ఉంటుంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పేరు పోదు, పేరు పోకపోతే ఉద్యోగం పోతుంది. ఎటు తిప్పినా అక్కడికే వచ్చింది. మనిషికి భయం కూడా ఒక పరిమితి వరకేనేమో. ఆ పరిమితి దాటాక వచ్చేది ధైర్యం కాదు, అలసట. ఇది అయిపోతే చాలనుకుంది.

"మాత్రలు మార్చి ఇచ్చింది నేను," అంది, గుసగుసగా. "బాబాయ్ కాదు. భయమేసి అబద్ధం చెప్పాను."

అలమరలో చప్పుడు ఆగింది.

తెర మీద అక్షరాలు పడ్డాయి.

కాంపౌండర్: మాత్రలు మార్చి ఇచ్చింది నేను. భయమేసి అబద్ధం చెప్పాను.

ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చదివింది. కోడలికి ఆమె గొంతు తెలుసు. ఎనిమిది నెలలుగా రోజూ వింటోంది. ఒక్కసారీ ఆమె మాటని ఇంకొకరి పేరున రాయలేదు. ఇప్పుడు మనిషిని మార్చేసింది. మధ్యలో ఒక ముక్క మింగేసింది కూడా.

కింద రెండు గళ్ళు వెలిగాయి. సరే. కాదు.

"రాసింది సరిగ్గా ఉందా?" అంది కోడలు.

కాదు అని నొక్కాలి. నొక్కితే ఎవరన్నారో మళ్ళీ చెప్పమంటుంది. మళ్ళీ ఆ మాట అనాలి. ఒకసారి అనడానికే ఆరు నెలలు పట్టింది.

ఐదుకి నాలుగు నిమిషాలు. చెప్పాను కదా, అనుకుంది. నోటితో చెప్పాను. అది తప్పు రాసుకుంటే నాదా పాపం? ఇంటి దగ్గర మంచం మీద ఆయన. ఈ కాళ్ళతో ఈ వయసులో ఇంకెవరు పెట్టుకుంటారు...

వేలు గాల్లో ఒకసారి ఆగింది.

సరే నొక్కింది.

ఎర్ర పేరు పోయింది. లిస్టు ఖాళీ. వెళ్తాను అన్న మాట కోసం ఆమె తెర వైపే చూస్తూ కూర్చుంది. ఆ మాట పడలేదు. వెనక అలమర చప్పుడు లేదు. చుట్ట వాసన లేదు. గొంతులో మాత్రం చుట్ట తాగేవాళ్ళకి ఉండే గరగర. మింగితే పోలేదు. కరెంటు వచ్చి ఫ్యాను టిక్కుమంది.

ఐదింటికి డాక్టరు గారు ఫోను చూసుకుంటూనే లోపలికొచ్చారు. చదివి, మొదటిసారి తలెత్తి ఆమె మొహం చూశారు.

"పాపం, ఆయనే ఒప్పుకున్నాడే. ఎప్పటి రికార్డింగో ఇప్పుడెక్కించినట్టుంది. నిజం చెప్పాలంటే సిస్టర్, నాకు ఇన్నాళ్ళూ మీ మీదే కొంచెం అనుమానం ఉండేది. ఏమీ అనుకోకండి."

సూదమ్మ తలూపింది.

"లిస్టు కూడా క్లియరు చేశారు. చూశారా, మనసు పెడితే మనుషులూ చేయగలరు," అని మెచ్చుకుని ఆయన తన గదిలోకి వెళ్ళారు. మెచ్చుకోవడం ఆయనకి కొత్త, అందుకే అలా వచ్చింది.

ఆమె షట్టరు పూర్తిగా ఎత్తింది. సాయంత్రం వెలుతురు, స్కూటర్ల మోత, జనం. నలుగురైదుగురు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు, అందరూ బతికున్నవాళ్ళే. వాళ్ళని చూస్తే ఆమెకి ప్రాణం కాస్త కుదుటపడింది. ఇవాళ ఆలస్యమవుతుందని ఇంటికి చెబుదామని గోడవారకి వెళ్ళి ఫోను తీసింది. రెండో రింగుకే భర్త ఎత్తాడు.

"ఎక్కడ చచ్చావే? నా తువ్వాలు ఎక్కడ పెట్టావ్?"

ఎప్పుడూ విసుగొచ్చే ఆ గొంతు వినగానే కళ్ళు చెమర్చినంత పనయింది.

"తలుపు వెనక మేకుకుంది చూడండి. నేనొచ్చేసరికి ఇవాళ ఎనిమిదవుతుంది," అంది.

అటువైపు గొంతు మారింది. పరాయి మగవాళ్ళతో మాట్లాడేటప్పటి మర్యాద గొంతు.

"ఎవరండీ మీరు?"

"నేనేనండీ."

"నేనంటే? ఈ ఫోన్ మీ దగ్గరికెలా వచ్చింది?" మంచం చప్పుడైంది. నాలుగేళ్ళుగా తనంతట తాను లేచి కూర్చోలేని మనిషి లేచి కూర్చున్నట్టున్నాడు. "చూడండీ పెద్దాయనా, ఏం జరిగిందో నాకు తెలియదు. ఫోన్ ముందు మా ఆవిడకివ్వండి."

సూదమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. కుర్చీల్లో జనం తమ గొడవల్లో తామున్నారు. గోడవార ఆమె ఒక్కతే నిలబడి ఉంది, పొడి కళ్ళతో, ఊపిరి బిగపట్టి.

"ఇవ్వండి బాబూ, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు భర్త. "మీ పక్కనే ఉంది కదా. అంతలా ఏడుస్తోంది, నాకు వినబడుతోంది."